గడియ వేసుకుని ఫోన్ మాట్లాడొద్దు: జావా లాకుల లోపలి లెక్క

బెంగళూరు మారతహళ్ళిలో ఏ పీజీకైనా పొద్దున ఏడింటికి వెళ్ళి చూడండి. ఫ్లోరుకి ఒక బాత్రూమ్, ఆరుగురు మనుషులు. గడియ వేయడానికీ తీయడానికీ అర సెకను పడుతుంది, దాని గురించి ఎవరూ గొడవపడరు. గొడవంతా లోపలికి ఫోన్ పట్టుకెళ్ళినవాడితోనే.

ప్రోగ్రాముల్లో లాకుల సంగతీ అంతే. ఒకే ప్రోగ్రాములో ఒకేసారి నడిచే పనుల వరసల్ని థ్రెడ్లంటారు. ఒక డేటా దగ్గరికి ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే వెళ్ళనిచ్చేది లాక్. జావాలో ఆ లాక్ వేసే మాట సింక్రనైజ్డ్. "సింక్రనైజ్డ్ స్లో, తీసేయండి" అని కోడ్ రివ్యూల్లో ఇప్పటికీ కామెంట్లు పడుతుంటాయి. లాక్ వేయడం, తీయడం ఇవాళ్టి రన్‌టైముల్లో (ప్రోగ్రాముని నడిపించే సాఫ్ట్‌వేర్లలో) చాలా చవక. దాన్ని చేతిలో పెట్టుకుని లోపల ఏం చేస్తున్నామో అక్కడే అసలు ఖర్చు. ఆ చవకెంతో, ఈ ఖర్చెంతో లెక్కలు వేసి చూద్దాం. ఉదాహరణలన్నీ జావావి, జావా రన్‌టైము అయిన హాట్‌స్పాట్ జేవీఎం మీద నడిచేవి.

శుక్రవారం రాత్రి మడివాళ నుంచి విజయవాడ వెళ్ళే స్లీపర్ బస్సు అనుకోండి. 14వ నంబరు బెర్తు ఒక్కటే మిగిలింది. ఇద్దరు ఒకేసారి బుక్ బటన్ నొక్కారు. మొదటి థ్రెడ్ బెర్తు స్థితి చదివింది: ఖాళీ. అది ఇంకా ఏమీ రాయకముందే రెండో థ్రెడ్ కూడా చదివింది: ఖాళీ. ఇద్దరి పేర్లూ రాసేశారు, రెండోది మొదటిదాన్ని చెరిపేసింది, ఇద్దరికీ మెసేజ్ వెళ్ళిపోయింది. చదవడంలో తప్పు లేదు, రాయడంలోనూ లేదు. చదివినప్పటి నిజం రాసే వేళకి కూడా నిజమే అనుకోవడం తప్పు. చూడటం, రాయడం రెండూ కలిపి ఒకే పనిగా జరగాలి, మధ్యలో ఇంకెవరూ దూరకూడదు. లాక్ చేసే పని అదే.

ఆ లాక్ ఎక్కడుంటుంది?

జావాలో ప్రతి ఆబ్జెక్టూ లాకుగా పనికొస్తుంది. అలాగని ప్రతి ఆబ్జెక్టుకీ పుట్టుకతోనే ఒక క్యూ, ఒక ఓనర్ ఫీల్డు కట్టబెడితే మెమరీ మిగలదు. అందుకే రన్‌టైము పొదుపుగా మొదలుపెడుతుంది.

64 బిట్ జేవీఎంలో మామూలు సెట్టింగులతో ఆబ్జెక్టు ముందు 12 బైట్ల హెడర్ ఉంటుంది. అందులో 8 బైట్లు మార్క్ వర్డ్, 4 బైట్లు క్లాస్ పాయింటర్. మార్క్ వర్డులో 31 బిట్లు ఐడెంటిటీ హ్యాష్‌కి (ఆబ్జెక్టుకి గుర్తుగా ఇచ్చే సంఖ్య), 4 బిట్లు గార్బేజ్ కలెక్టర్ (అక్కర్లేని ఆబ్జెక్టుల మెమరీని ఖాళీ చేసేది) లెక్కపెట్టే వయసుకి పోతాయి. చివరి రెండు బిట్లు లాక్ స్థితి చెబుతాయి. 01 ఉంటే లాక్ లేదు. 00 ఉంటే తేలికపాటి లాక్ పడింది. 10 ఉంటే పూర్తిస్థాయి మానిటర్ ఉంది. 11 గార్బేజ్ కలెక్టర్ సొంత అవసరానికి.

పోటీ లేనప్పుడు లాక్ వేయడమంటే ఆ 01ని 00 చేయడమే. దానికి వాడేది కంపేర్ అండ్ స్వాప్ అనే ఇన్‌స్ట్రక్షన్: "అక్కడ నేను చూసిన విలువే ఇంకా ఉంటే కొత్తది రాయి, లేకపోతే ముట్టుకోకు". ప్రాసెసర్ దీన్ని విడదీయకుండా ఒక్క దెబ్బలో చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ దాకా వెళ్ళే పనే లేదు. ఖర్చు నానోసెకండ్లలోనే తేలిపోతుంది. పాత వెర్షన్లలో అసలు మార్క్ వర్డుని థ్రెడ్ తన స్టాకు మీదకి కాపీ చేసుకుని, ఆబ్జెక్టులో ఆ కాపీ చిరునామా పెట్టేది. జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 21లో కొత్త పద్ధతి వచ్చింది, 23 నుంచి అదే డిఫాల్టు. ఇందులో మార్క్ వర్డులో బిట్లు మాత్రమే మారతాయి. ఏ ఆబ్జెక్టులకి లాక్ వేశానన్న చిన్న జాబితా థ్రెడ్ దగ్గరే ఉంటుంది, ఎనిమిది గళ్ళు.

"బయాస్డ్ లాకింగ్" అన్న మాట వినే ఉంటారు. జేడీకే 6 నుంచి డిఫాల్టుగా ఉండేది. ఒకే థ్రెడ్ మళ్ళీ మళ్ళీ తీసుకునే లాకుకి ఆ కంపేర్ అండ్ స్వాప్ కూడా ఆదా చేసేది. ఇంకో థ్రెడ్ వచ్చిందంటే మాత్రం ఆ బయాస్ రద్దు చేయడానికి నడుస్తున్న థ్రెడ్లని సేఫ్‌పాయింట్ (రన్‌టైము థ్రెడ్లని నిలపగలిగే చోటు) దగ్గర ఆపాల్సి వచ్చేది. హ్యాష్‌టేబుల్, వెక్టర్ లాంటి పాత క్లాసుల్ని వదిలేసిన ప్రోగ్రాములకి లాభం తగ్గింది, కోడులో చిక్కుముళ్ళు మాత్రం మిగిలాయి. జేడీకే 15లో డిఫాల్టుగా ఆపేశారు. మంచి పనే చేశారు. పాత స్టార్టప్ స్క్రిప్టుల్లో ఆ ఫ్లాగు ఇంకా ఉంటే తీసేయండి.

పోటీ వచ్చినప్పుడు కథ మారుతుంది. రెండో థ్రెడ్ వచ్చి 00 చూసిందనుకోండి. అప్పుడు రన్‌టైము ఆ లాకుని ఉబ్బిస్తుంది, అంటే పక్కన ఒక మానిటర్ తయారుచేస్తుంది. అందులో ఓనర్ ఎవరు, ఓనర్ ఎన్నిసార్లు లోపలికి వచ్చాడు, బయట ఆగినవాళ్ళ క్యూ, వెయిట్ పిలిచి పడుకున్నవాళ్ళ సెట్, ఇవన్నీ ఉంటాయి. వచ్చిన థ్రెడ్ వెంటనే నిద్రపోదు. కాసేపు అక్కడే తిరుగుతూ, ఓనర్ ఇప్పుడే వదిలేస్తాడేమో అని చూస్తుంది. వదలకపోతే అప్పుడు పార్క్ అవుతుంది, అంటే నిద్రపోతుంది. లినక్సులో అది చివరికి ఫ్యూటెక్స్ అనే సిస్టమ్ కాల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి పెట్టే పిలుపు) దాకా వెళుతుంది. నిద్రపోవడం, ఇంకొకరు లేపడం, షెడ్యూలర్ మళ్ళీ కోరు ఇవ్వడం, ఇదంతా కొన్ని మైక్రోసెకండ్ల వ్యవహారం. మొదటి దారితో పోలిస్తే వందల రెట్లు ఎక్కువ. పోటీ తగ్గి మానిటర్ ఖాళీగా పడి ఉంటే రన్‌టైము తర్వాత దాన్ని మళ్ళీ తీసేస్తుంది.

క్యూ ఉంది కదా అని వచ్చిన వరసలోనే లాక్ దొరుకుతుందనుకోవద్దు. ఓనర్ వదిలిన క్షణంలో అప్పుడే వచ్చిన థ్రెడ్, నిద్రలేస్తున్న పాత థ్రెడ్ కంటే ముందు లాక్కోవచ్చు. కావాలనే అలా చేశారు. నిద్రలేచేవాడి కోసం లాకుని ఖాళీగా ఉంచితే ఆ మైక్రోసెకండ్లు అందరికీ నష్టం. జావాలోనే విడిగా దొరికే రీఎంట్రంట్‌లాక్ అనే లాకు క్లాసుకి ఫెయిర్ అని చెబితే వరస పాటిస్తుంది, కానీ త్రూపుట్ (సెకనుకి అయ్యే పని) బాగా పడిపోతుంది. గో భాషలో మ్యూటెక్స్ (అక్కడి లాక్) మధ్యేమార్గం పట్టింది: వెర్షన్ 1.9 నుంచి ఏ గోరూటీన్ (గోలో థ్రెడ్ లాంటిది) అయినా 1 మిల్లీసెకండు కంటే ఎక్కువ ఆగాల్సి వస్తే లాకుని నేరుగా దాని చేతికే అందిస్తుంది. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

ఇప్పుడు అసలు ఖర్చు

బుకింగ్ మెథడ్ మొత్తానికి సింక్రనైజ్డ్ తగిలించి, లోపలే పేమెంట్ గేట్‌వేని పిలుస్తున్నారనుకోండి. గేట్‌వే జవాబు 300 మిల్లీసెకండ్లకి వస్తుంది. ఒక లాకు, ఒకసారికి ఒక్కరు. సెకనుకి మూడు బుకింగులు, అంతే. కోర్లు నాలుగున్నా నలభై ఉన్నా అంతే.

టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్ డిఫాల్టుగా 200 థ్రెడ్లు ఇస్తుంది. సంక్రాంతి టికెట్లు తెరిచిన నిమిషంలో 200 మంది వచ్చారు. 200 థ్రెడ్లూ ఆ ఒక్క లాకు ముందు నిలబడ్డాయి. చివరివాడి వంతు రావడానికి 200 సార్లు 0.3, అంటే 60 సెకండ్లు. వెనక ఇంకా బుకింగులు వస్తూనే ఉంటే, ఆ నిమిషమంతా బస్సుల జాబితా చూద్దామని వచ్చినవాడికి కూడా పేజీ తెరుచుకోదు, ఎందుకంటే వాడికి ఇవ్వడానికి థ్రెడ్డే లేదు. సర్వర్ బతికే ఉందా అని అడిగే హెల్త్ చెక్ కూడా ఆ క్యూలోనే చిక్కుకుంటుంది. సర్వర్లని నడిపించే కుబర్నెటీస్ అది చూసి పాడ్ (మన ప్రోగ్రాము నడిచే డబ్బా) చచ్చిపోయిందనుకుని రీస్టార్ట్ చేస్తుంది, లోపల సగంలో ఉన్న పేమెంటు గాల్లో తేలుతుంది. ఇంతా జరుగుతున్నా సీపీయూ గ్రాఫ్ రెండు మూడు శాతం దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. మెషీన్లు పెంచాలని చూసేవాళ్ళని ఆ గ్రాఫే దారి తప్పిస్తుంది.

అదే లాకు లోపల పని 50 మైక్రోసెకండ్లే అయితే సెకనుకి 20,000 సార్లు తీసుకోవచ్చు. లాక్ అదే, సింక్రనైజ్డ్ అదే.

కాబట్టి పేమెంటుని బయటికి తేవాలి. దానికి బెర్తుకి మూడు స్థితులు కావాలి: ఖాళీ, ఆపి ఉంచినది, అమ్ముడైంది. లాక్ తీసుకో, ఖాళీ అయితే "ఆపి ఉంచినది" అని రాసి ఒక టోకెను, గడువు సమయం పెట్టు, లాక్ వదిలేయ్. పేమెంట్ గేట్‌వేతో మాట్లాడటం ఏ లాకూ లేకుండా జరుగుతుంది. డబ్బు వచ్చాక మళ్ళీ లాక్ తీసుకుని, టోకెను ఇంకా మనదేనా అని చూసి, అయితేనే "అమ్ముడైంది" అని రాయాలి. ఈ రెండో చూపే చాలామంది మర్చిపోతారు. పది నిమిషాల గడువు దాటాక డబ్బు వస్తే ఆ బెర్తు ఈలోపు ఇంకొకరికి వెళ్ళి ఉండొచ్చు. అప్పుడు రీఫండ్ దారి పట్టాలి, బెర్తు దారి కాదు.

ఇంకోటి: సింక్రనైజ్డ్ కాపలా కాసేది ఒక్క ప్రాసెస్‌లోనే. మూడు పాడ్లు నడుస్తుంటే ఒకే గదికి మూడు తలుపులు, మూడు వేరువేరు గడియలు ఉన్నట్టు. అలాంటప్పుడు నిర్ణయం డేటాబేసుది కావాలి. "స్థితి ఖాళీగా ఉంటేనే ఆపి ఉంచినదిగా మార్చు" అని షరతుతో కూడిన ఒకే అప్‌డేట్ పంపి, టేబుల్లో ఎన్ని రోలు (వరసలు) మారాయో చూడండి. 1 వస్తే బెర్తు మీది, 0 వస్తే ఇంకొకరు తీసేసుకున్నారు. ముందు సెలెక్ట్ చేసి, తర్వాత అప్‌డేట్ చేస్తే మొదట చెప్పిన తప్పే మళ్ళీ డేటాబేసు మీద జరుగుతుంది.

దేని మీద లాక్ వేయాలి

లాక్ కోడుకి కాదు, డేటాకి. "14వ బెర్తు స్థితి, టోకెను, గడువు, ఈ మూడింటినీ ఈ లాక్ కాపాడుతుంది" అని ఫీల్డుల పక్కనే కామెంటు రాయండి. అలా ఒక్క వాక్యంలో రాయలేకపోతే డిజైన్ ఇంకా తేలలేదని అర్థం.

లాకుకి ప్రైవేట్, ఫైనల్ ఆబ్జెక్టు ఒకటి విడిగా పెట్టుకోండి. ఫైనల్ కాని ఫీల్డు మీద లాక్ వేస్తే, మధ్యలో ఎవరైనా ఆ ఫీల్డులో కొత్త ఆబ్జెక్టు పెట్టగానే పాత థ్రెడ్ ఒక లాకు, కొత్త థ్రెడ్ ఇంకో లాకు పట్టుకుని ఇద్దరూ దర్జాగా లోపల ఉంటారు. బస్సు నంబరు ఇంటిజర్ మీద లాక్ వేయడం ఇంకా ప్రమాదం. మైనస్ 128 నుంచి 127 దాకా ఇంటిజర్లని జేవీఎం ఉమ్మడిగా వాడుతుంది, కాబట్టి మీ 14, ఇంకే లైబ్రరీలోనో ఉన్న 14, రెండూ ఒకటే ఆబ్జెక్టు. 127 దాటాక ప్రతిసారీ వేరే ఆబ్జెక్టు రావొచ్చు, అప్పుడు లాక్ ఉన్నా లేనట్టే. టెస్టుల్లో చిన్న నంబర్లతో అంతా బాగుంటుంది, ప్రొడక్షన్లో బయటపడుతుంది. స్ట్రింగ్ లిటరల్స్‌దీ ఇదే ఇబ్బంది, అవీ ఉమ్మడి ఆస్తే.

అన్ని బస్సులకీ ఒకే లాక్ అక్కర్లేదు, బస్సుకొకటి చాలు. మ్యాపులో బస్సుకొక లాక్ ఆబ్జెక్టు పెడితే పాత తేదీల లాకులు పోగుపడి మెమరీ తింటాయి. 64 లాకుల ఎర్రే ఒకటి చేసి, బస్సు నంబరు హ్యాష్‌ని బట్టి ఒకటి ఎంచుకుంటే సరిపోతుంది. రెండు బస్సులకి ఒకే లాక్ తగిలినా నష్టం కొంచెం ఆగడమే, తప్పు జవాబు రాదు.

కంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ (చాలా థ్రెడ్లు ఒకేసారి వాడగలిగే మ్యాపు) కంప్యూట్ మెథడులో పని పెట్టేసి, "మాకు లాకులే లేవు" అనుకునేవాళ్ళకి ఒక మాట. జావా 8 నుంచి ఆ మ్యాపు లోపల ఒక్కో బిన్నుకి (కీలు పడే అర) మొదటి నోడు మీద సింక్రనైజ్డ్ వేస్తుంది. కంప్యూట్‌కి మీరిచ్చిన లాంబ్డాలో (కోడు ముక్కలో) గేట్‌వే కాల్ ఉంటే, అదే బిన్నులో పడ్డ సంబంధంలేని కీలు కూడా ఆగుతాయి. లాక్ కనపడదు, ఆగడం మాత్రం ఉంటుంది.

చదవడానికి కూడా లాక్ కావాలా? కావాలి. రాసేటప్పుడు లాక్ వేసి, గెటర్‌లో వదిలేయడం నేను చూసే తప్పుల్లో మొదటి వరసలో ఉంటుంది. లాక్ వదలడం, తర్వాత అదే లాకుని ఇంకొకరు తీసుకోవడం, ఈ జంటే మొదటివాడు రాసింది రెండోవాడికి కనిపిస్తుందన్న హామీ ఇస్తుంది. 2004లో జావా 5తో వచ్చిన మెమరీ మోడల్ ఈ నియమాన్ని తేటగా రాసిపెట్టింది. లాక్ లేకుండా చదివితే పాత విలువ రావొచ్చు. "ఆగు" అన్న బూలియన్ని లూపులో చూస్తుంటే, నడుస్తుండగానే కోడుని మెషీన్ భాషలోకి మార్చే జిట్ కంపైలర్ దాన్ని ఒక్కసారే చదివి లూపు బయట పెట్టేయొచ్చు, ఆ థ్రెడ్ ఇక ఎప్పటికీ ఆగదు. వోలటైల్ (అందరికీ తాజా విలువే కనపడాలని ఫీల్డుకి పెట్టే గుర్తు) కాని లాంగ్, డబుల్ విలువల్ని రెండు 32 బిట్ ముక్కలుగా రాయడానికి కూడా భాషా నియమాలు ఒప్పుకుంటాయి. ఒకే ఫీల్డు అయితే వోలటైల్ చాలు. రెండు ఫీల్డులు పొంతన కుదరాలంటే లాకే.

వెయిట్, నోటిఫై

వెయిట్ అంటే లాక్ వదిలి, ఒక షరతు నిజమయ్యేదాకా పడుకోవడం. నోటిఫై అంటే అలా పడుకున్నవాడిని లేపడం. మానిటర్ ఆలోచన కంప్యూటర్ శాస్త్రవేత్తలు బ్రించ్ హాన్సన్, హోర్‌లది, 1970ల మొదటి సగంలోది. హోర్ 1974లో రాసిన పద్ధతిలో సిగ్నల్ ఇవ్వగానే ఆగినవాడే నేరుగా లోపలికి వస్తాడు, కాబట్టి షరతు నిజమేనన్న భరోసా ఉంటుంది. తర్వాత జెరాక్స్‌లో చేసిన మెసా భాష దీన్ని సడలించింది: నోటిఫై అంటే "వచ్చి చూసుకో" అని చెప్పడం మాత్రమే. జావా పట్టింది మెసా దారి. అందుకే వెయిట్‌ని ఇఫ్‌లో పెట్టకూడదు, వైల్‌లోనే పెట్టాలి. లేచి, లాక్ దొరికేలోపు ఇంకొకరు దూరి ఉన్న ఒక్క బెర్తూ తీసుకుపోయి ఉండొచ్చు. ఏ నోటిఫై లేకుండానే నిద్రలేవడం కూడా జరగొచ్చని స్పెసిఫికేషనే చెబుతుంది.

ఒకే మానిటర్ మీద రెండు రకాల షరతుల కోసం జనం ఆగి ఉంటే నోటిఫై వాడొద్దు. అది లేపినవాడికి ఆ కబురు పనికిరాకపోతే వాడు మళ్ళీ పడుకుంటాడు, పనికొచ్చేవాడికి కబురే అందదు. నోటిఫైఆల్ వాడండి, లేదా రీఎంట్రంట్‌లాకులో షరతుకొక కండిషన్ పెట్టుకోండి.

ఇద్దరూ ఆగిపోతే

బెర్తుకొక లాక్ పెట్టారనుకోండి. 14, 22 బెర్తుల ప్రయాణికుల్ని మార్చే పని ఉంది. ఒక థ్రెడ్ 14 పట్టుకుని 22 కోసం, ఇంకోటి 22 పట్టుకుని 14 కోసం ఆగితే ఎవరూ కదలరు. దీన్నే డెడ్‌లాక్ అంటారు. మందు పాతదే: ఎప్పుడూ చిన్న నంబరు ముందు. ఐడెంటిటీ హ్యాష్‌ని బట్టి వరస పెట్టొద్దు. 31 బిట్లే కదా, రెండు ఆబ్జెక్టులకి ఒకే హ్యాష్ రావడం అరుదైనా జరుగుతుంది.

సర్వీసు బిగుసుకుపోతే రీస్టార్ట్ చేసేముందు జేడీకేతో వచ్చే జేస్టాక్‌తో మూడు థ్రెడ్ డంపులు (ఆ క్షణంలో ఏ థ్రెడ్ ఎక్కడుందో చూపే జాబితాలు) తీయండి, ఐదేసి సెకండ్ల తేడాతో. ఒక్క డంపు ఫోటో లాంటిది, ఆగిందో నడుస్తోందో తెలియదు. డంపులో "వెయిటింగ్ టు లాక్" అన్న లైను పక్కన ఒక హెక్స్ చిరునామా ఉంటుంది. దాన్ని కాపీ చేసి, అదే చిరునామా "లాక్డ్" అన్న లైనులో ఎవరి దగ్గరుందో వెతకండి. ఆ థ్రెడ్ స్టాకులో అన్నిటికంటే పై లైను చదవండి. సాకెట్ రీడ్ (నెట్‌వర్క్ జవాబు కోసం ఆగడం) అని ఉంటే, గడియ వేసుకుని ఫోన్ మాట్లాడేవాడు దొరికినట్టే.

జావా లాకుల మధ్య డెడ్‌లాక్ అయితే జేస్టాక్ డంపు చివర్లో తనే చెప్పేస్తుంది. రెండు చోట్ల మాత్రం మోసపోతాం. రీఎంట్రంట్‌లాక్ కోసం ఆగినవాడు "బ్లాక్డ్" అని కనపడడు, "వెయిటింగ్" కింద పార్కింగ్ అని ఉంటాడు. ఓనర్ ఎవరో తెలియాలంటే ఎల్ (-l) ఆప్షనుతో డంపు తీయాలి. రెండోది, ఒక కాలు జావా లాకులో, ఇంకో కాలు డేటాబేసు రో లాకులో ఉన్న డెడ్‌లాక్. జేవీఎంకి డేటాబేసు లోపల ఏముందో తెలియదు, డేటాబేసుకి జేవీఎం సంగతి తెలియదు. ఇద్దరూ అంతా బాగుందనే చెబుతారు. జావా లాక్ పట్టుకుని ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకపోవడమే దీనికి దారి.

వర్చువల్ థ్రెడ్లు, కంటెయినర్లు

జేడీకే 21లో వర్చువల్ థ్రెడ్లు (కొన్ని అసలు థ్రెడ్ల మీద వంతులవారీగా నడిచే తేలికపాటి థ్రెడ్లు) వచ్చినప్పుడు సింక్రనైజ్డ్ లోపల ఐఓ (నెట్‌వర్క్, డిస్క్ పని) చేస్తే ఆ వర్చువల్ థ్రెడ్ తనని మోసే అసలు థ్రెడ్‌కి, అంటే క్యారియర్‌కి, అతుక్కుపోయేది. క్యారియర్లు డిఫాల్టుగా కోర్లు ఎన్నో అన్నే. 4 కోర్ల పాడ్‌లో నలుగురు అలా అతుక్కుంటే మిగతా వేలమందికి నడవడానికి దారి లేదు. చాలామంది అందుకే సింక్రనైజ్డ్ అన్నీ రీఎంట్రంట్‌లాకులుగా మార్చారు. 2025 మార్చిలో వచ్చిన జేడీకే 24లో ఈ అతుకు తీసేశారు, నేటివ్ కోడ్ లాంటి కొన్ని చోట్ల మాత్రం ఇంకా ఉంది. 21 నుంచి 23 దాకా వెర్షన్ల మీద ఉన్నవాళ్ళు జాగ్రత్తపడాలి. 24కి, ఆపై వెర్షన్లకి వచ్చినవాళ్ళకి ఇక మార్చాల్సిన పని లేదు. కానీ అతుకు పోయినా లాక్ లాకే. 300 మిల్లీసెకండ్లు పట్టుకుంటే లక్ష వర్చువల్ థ్రెడ్లున్నా సెకనుకి మూడే.

కంటెయినర్లలో ఇంకో చిక్కుంది. సీపీయూ లిమిట్ పెట్టిన పాడ్‌కి లినక్స్ డిఫాల్టుగా ప్రతి 100 మిల్లీసెకండ్లకి ఒక కోటా ఇస్తుంది. కోటా అయిపోతే అన్ని థ్రెడ్లూ ఆగుతాయి, లాక్ చేతిలో ఉన్నవాడితో సహా. 50 మైక్రోసెకండ్ల పని అలా పదుల మిల్లీసెకండ్లు లాగుతుంది. లాక్ వెయిట్లు కారణం లేకుండా పెరిగితే కోడు వెతికేముందు సీగ్రూప్‌లో (లినక్స్ ఆ కోటా లెక్క రాసే చోటు) థ్రాటుల్ అయిన, అంటే కోటా అయిపోయి ఆగిన లెక్క చూడండి.

కొలవడానికి జేవీఎంలోనే ఉండే ఫ్లైట్ రికార్డర్ చాలు. జావా మానిటర్ ఎంటర్ అన్న ఈవెంటు ఏ క్లాసు లాకు కోసం ఎవరు ఎంతసేపు ఆగారో స్టాకుతో సహా రాస్తుంది. డిఫాల్టు సెట్టింగుల్లో 20 మిల్లీసెకండ్లు దాటిన వెయిట్లే నమోదవుతాయి, ప్రొఫైల్ సెట్టింగుల్లో 10. ఒక్కో రిక్వెస్టూ ఐదేసి మిల్లీసెకండ్లు పదిచోట్ల ఆగుతుంటే రిపోర్టు ఖాళీగా వస్తుంది, యూజర్‌కి మాత్రం 50 పోతాయి. లోడ్ టెస్టులో ఆ గీతని 1 మిల్లీసెకండుకి దించి పది నిమిషాలు రికార్డు చేయండి. మొత్తం ఆగిన సమయాన్ని లాక్ క్లాసు వారీగా కూడి, పైనున్న ఒక్క లాకుతో మొదలుపెట్టండి.